కొంగు మొత్తం ఒకే తెర మీద

"సీర బొమ్మలు గీసేదానికి అంత పెద్ద మిషను ఎందుకుమే?" అన్నారు మా ఆయన చంద్రమౌళి, నేను మూడో దోసె ఆయన కంచంలో వేస్తుండగా. "సన్నంగా, సూసేదానికి బాగుండేది కొనుక్కోరాదా. తిరపతిలో రంగురంగులవి ఉండాయి."

నా జవాబు మూడు నెలలుగా బియ్యం డబ్బా వెనక నోటుపుస్తకంలో ఉంది: మెమరీ ఎంత, ప్రాసెసరు ఏది, తెర వెడల్పు ఎంత, తరవాత వేటిని విప్పి మార్చుకోవచ్చు. ఎమ్మెస్సీ లెక్కల పరీక్షలకు కూడా అంత శ్రద్ధగా చదివినట్టు గుర్తు లేదు.

నగరిలో మాకు ఎనిమిది మరమగ్గాలు. వాటి మీద నేసే చీరల అంచులనూ కొంగులనూ పందొమ్మిదేళ్లుగా కంప్యూటరు మీద గీస్తున్నది నేను. తెర మీద ఒక్కో గడి మగ్గం మీద ఒక్కో పోగు. నేను గీసినదాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలను బట్టి మగ్గం నేస్తుంది. ఈ పనికి మా ఇంట్లో పేరు లేదు. కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే, మా అత్తగారు చౌడేశ్వరమ్మ "ఊరికే కూసోనుంటాది, ఆ పెట్టె ముందర" అంటారు. ఆ పెట్టె కూడా ఎన్నడూ నాకోసం కొన్నది కాదు. మొదటిది మామగారి గదిలో మూలపడినది, ఇప్పటిది మరిది కొత్తది కొనుక్కున్నాక వదిలేసినది. కొంగు మొత్తాన్ని ఒకేసారి తెరిస్తే అది బిగుసుకుపోతుంది. అందుకని ప్రతి కొంగునూ నాలుగు ముక్కలుగా గీసి, చివర అతికిస్తాను. నా కొంగును నేను పూర్తిగా చూసేది చీర మగ్గం దిగాకనే.

పోయినేడు ఒక నెమలి కొంగును అతికిస్తూ ఉన్నాను. అత్తగారు కాఫీ అడిగారు, లేచి ఇచ్చి వచ్చాను, రెండో ముక్క ఆరు పోగులు పక్కకు జరిగింది. నలభై చీరలు నేసేదాకా ఎవరూ గమనించలేదు. నలభై నెమళ్లకూ మెడ తెగి ఉంది. చీరలు కొనే తిరుమలయ్యగారి ముందు మా ఆయన నవ్వుతూ అన్నారు: "నేను గాదు సామీ, అది మా ఆడమనిషి చెయ్యి." అంతకుముందటి సంవత్సరం మామిడిపిందెల అంచు బాగా అమ్ముడైనప్పుడు అదే తిరుమలయ్యగారితో "నా డిజైన్" అన్న మనిషి ఆయన.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొంగు చివర, మడతలో, మగ్గాల యజమాని పేరులోని మొదటి అక్షరం నేస్తారు. మామగారు వరదయ్య కాలంలో 'వ', ఇప్పుడు 'చం'. దాన్ని గడి గడిగా గీసేదీ నేనే. ఆ నలభై చీరల మీదా ఉంది. తెగిన మెడ నాది, కింద అక్షరం ఆయనది.

తిరుపతి దుకాణంలో రఘునాథ్ అనే ఆయన మా ఆయనతోనే మాట్లాడుతూ గులాబీరంగు లాప్‌టాప్ ఒకటి నా ముందు పెట్టాడు. "మేడమ్‌కి ఇది సరిపోతాది సార్. తేలిక. వంటింట్లో గూడా పెట్టుకోవచ్చు."

"తిప్పి చూపించండి," అన్నాను. "కింద మూత విప్పి మెమరీ పెంచుకోవచ్చా?"

"లేదు మేడమ్. బోర్డుకే అతికించేసి వస్తాది. కొన్నప్పుడు ఎంతో, ఎప్పటికీ అంతే."

"నాకు విప్పి పెంచుకోగలిగేది కావాలి."

రఘునాథ్ మొదటిసారి నావైపు తిరిగాడు. "మీరేం పని చేస్తారు మేడమ్?"

"ఇంట్లోనే ఉంటాది," అన్నారు మా ఆయన.

"చీరలకు డిజైన్లు చేస్తాను," అన్నాను నేను. నోటుపుస్తకం తెరిచి రఘునాథ్ ముందుకు జరిపాను. చదివి, లోపలికి వెళ్లి, నల్లటి బరువైన లాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. నాలుగు మెమరీ స్లాట్లలో రెండు ఖాళీ. నా పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను. దిద్దిన నెమలి కొంగును నాలుగు ముక్కలూ కలిపి తెరిచాను. బిగుసుకోలేదు. తోక చివరి కన్ను నుంచి ముక్కు దాకా నెమలి ఒక్కసారిగా వచ్చి తెర మీద నిలబడింది.

మా ఆయన వంగి చూశారు. "ఇంత ఉంటాదా ఇది," అన్నారు మెల్లగా.

నేను పదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బు కనుక ధర గురించి ఎవరూ మాట్లాడలేదు. ఖాళీ స్లాట్లలో ఒకటి నింపించాను, ఒకటి ముందు ముందు అవసరానికి ఉంచుకున్నాను. ఇంటికి తెచ్చాక అత్తగారు మూతకు పసుపూ కుంకుమా పెట్టారు. గాలి రంధ్రాల దగ్గరికి చెయ్యి పోతుంటే పట్టుకుని ఆపాను. "అబ్బో," అన్నారామె, "ఎంత పదిలమో."

వారం తరవాత కొత్త కొంగు మగ్గం దిగింది. మధ్యాహ్నం మా ఆయన మొదటి చీర చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. మడత విప్పి, చివర వేలు పెట్టి అడిగారు: "అక్షరం మారిందే. 'ఉ' అని ఉండాది. ఎవురిది ఇది?"

పప్పు దించి, చేతులు తుడుచుకుని చెప్పాను.

"మెడ తెగినప్పుడు ఎవరి చెయ్యి అన్నారో, ఆమెది."