మామగారు తెచ్చిన ర్యామ్

భర్త పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది కోడలు, మామగారు ఇద్దరే. ఆమె ఇంటి దగ్గరే బడిపుస్తకాలకు కంప్యూటరు మీద పేజీలు కూర్చేది. అప్పుడు చేతిలో ఉన్నది లెక్కల పుస్తకం. బొమ్మలు ఎక్కువయ్యేకొద్దీ కంప్యూటరు మూలుగుతూ నడిచేది. ఒక పేజీ తెరుచుకునేలోపు వెళ్లి కూరలో ఉప్పు చూసి రావచ్చు.

మామగారు ముప్పై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. చేతులు ఊరుకోవు. కోడలి అవస్థ చూడలేక, పాత కంప్యూటర్లు విప్పి అమ్మే దుకాణంలో వెతికి వెతికి ఒక ర్యామ్ పట్టుకొచ్చారు. పెట్టె మూత విప్పి, ఉన్నదాని పక్కన ఖాళీలో తనే బిగించారు. మెమరీ రెట్టింపయినట్టు తెరమీద కనబడింది. ఇక గుర్రంలా పరిగెడుతుంది చూడమన్నారు. ఆ పూటకి అలాగే పరిగెత్తింది కూడా.

మర్నాటి నుంచి మొదలైంది. పని మధ్యలో తెర నీలంగా మారిపోయి, యంత్రం ఉన్నపళంగా ఆగి మళ్లీ మొదలయ్యేది. రోజుకు రెండుసార్లల్లా అయిదారుసార్లయింది. నాలుగోరోజు భిన్నాల అధ్యాయం ఫైలే పాడైపోయింది. నలభై పేజీలు. ఎన్ని తంటాలు పడ్డా తెరుచుకోలేదు. ఎందువల్లో ఆమెకు తెలుసు. కానీ ఎలా ఉందమ్మా అని ఆయన అడిగినప్పుడల్లా బాగానే ఉందనేది.

ఆ మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చాక, ఆమె పెట్టె విప్పి కొత్త ర్యామ్ ఊడదీసింది. తల తిప్పేసరికి గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు పెట్టిన మర్నాటి నుంచి."

"చెప్పొచ్చు కదమ్మా. నేనేమన్నా పరాయివాణ్ణా?"

"మీరేమో అంత సంబరంగా తెచ్చారు. భిన్నాల ఫైలు పోయాక, చెప్పే ఓపిక కూడా పోయింది మామయ్యా."

ఆయన భూతద్దం తెచ్చుకుని పాతదీ కొత్తదీ రెండింటి మీదా ఉన్న అంకెలు చదివారు. రకం ఒకటే, వేగాలు వేరు. దుకాణం మనిషికి ఫోన్ చేశారు.

"రెండూ మంచివే పెద్దాయనా," అన్నాడతను. "ఒకటి నడిచేది, ఒకటి పరిగెత్తేది. మీ మిషనుకి ముందునుంచీ పరుగు వేగమే పెట్టి ఉంచినట్టున్నారు. మరి నడిచేది పడిపోదూ? ఆన్ చేస్తూనే సెట్టింగుల్లోకి వెళ్లి వేగం తగ్గించండి."

ర్యామ్ మళ్లీ బిగించారు. తెరమీద ఒక్కో వరసా ఆయన పైకి చదువుతుంటే, ఆమె మీటలు నొక్కి వేగం తగ్గించింది. వెంటనే పనిలోకి దిగొద్దన్నారాయన. లేతులో కొత్త పళ్లచక్రం వేసినప్పుడు ముందు ఖాళీగా తిప్పి చూసేవాళ్లట. రెండు గంటలు మెమరీ పరీక్ష నడిపారు. ఒక్క తప్పూ రాలేదు.

పోయిన అధ్యాయం మాత్రం తిరిగి రాలేదు. ప్రచురణకర్త సణుగుతూనే రెండురోజులు గడువిచ్చాడు. ఆమె మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆయన పక్కన కూర్చుని రాతప్రతి చూసి అంకెలు చదివిపెట్టారు. గొంతు బొంగురుపోయింది. వెళ్లి పడుకోమంటే, నువ్వు లేచినప్పుడు లేస్తాలే అన్నారు.

రెండోరోజు సాయంత్రానికి అధ్యాయం పంపించేసింది. బల్లమీద తల వాల్చింది. వంటింట్లో ఆయన గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. లేచి వెళ్దామనుకుంది గానీ లేవలేదు.