ఎడమ చెయ్యి ఉన్న పియానో

వారం రోజులుగా తండ్రీకూతుళ్లకి ఇదే పని. కూతురు బట్టల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, తండ్రిని తయారుచేసి, పియానోల షాపులన్నీ తిప్పేది. ఆయన నలభై ఏళ్లు హోటల్లో పియానో వాయించాడు. అందరికీ మాష్టారే. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కుడి చెయ్యి లక్షణంగా ఉంది, నోరు అంతకంటే లక్షణంగా ఉంది.

సంగతేమిటంటే, కూతురికి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది, ఉండటం మాత్రం లేడీస్ హాస్టల్లో. నిన్ను వృద్ధాశ్రమంలో చేర్పిస్తాను నాన్నా అంది. మాష్టారి ప్రాణం చివుక్కుమంది. ఆ ఆశ్రమంలోనే రోజూ వాయించి, ఆ జీతంతో పనిమనిషిని పెట్టుకుని నా ఇంట్లో నేనుంటానన్నాడు. ఆశ్రమం మేనేజరమ్మ సరేనంది. పియానో మాత్రం మీరే తెచ్చుకోవాలంది.

చేతిలో ఉన్న డబ్బుకి కొత్తవాటిలో అరవై ఒక్క మెట్లదే వస్తుంది. మాష్టారు ఒక మెట్టు నొక్కి, ఇదేమన్నా కాలింగ్ బెల్లా అని షాపువాణ్ణి అడిగాడు. బరువైన మెట్లు ఎనభై ఎనిమిదీ ఉన్నదాన్ని నొక్కి హాయిగా కళ్లు మూసుకున్నాడు. ధర చూసి కూతురూ మూసుకుంది.

చివరికి పాతసామాను షాపులో ఒకటి దొరికింది. షాపాయన ఉన్నమాట దాచలేదు.

"పన్నెండు కిలోలే, చక్రాల సంచిలో లాక్కెళ్లొచ్చు. కానీ దీన్ని వాడినావిడ పోయారు. ఎడమ చెయ్యి మాత్రం ఇంకా వాయిస్తోంది. అందుకే సగం ధర."

స్విచ్ వేయగానే ఎడమవైపు మెట్లు వాటంతటవే దిగాయి. కరెంటు ఎక్కువ కాలుతుందా అని కూతురు అడిగింది. మామూలేనన్నాడు. గ్యారంటీ పియానోకి మూడు నెలలు, చేతికి లేదన్నాడు. ఈలోగా మాష్టారు కుడిచేత్తో ఏదో ఎత్తుకున్నాడు. నాలుగు క్షణాల్లో పోయినావిడ చెయ్యి అందుకుంది. ఏడాది తర్వాత రెండు చేతుల పాట విని మాష్టారు షాపులోనే ఏడ్చేశాడు.

సోమవారం ఆశ్రమం హాల్లో వాయించాడు. రెండో పాటలో, ఒకప్పుడు చెప్పులు కుట్టిన, ఏడాదిగా నోరే విప్పని ఒక పెద్దాయన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఎడమవైపు కూర్చున్నాడు.

"మా ఆవిడ," అన్నాడు. "ఆ ఉంగరం వేలు ఎప్పుడూ ఆలస్యమే."

తనని ఇక్కడ చేర్పించినప్పుడు పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మేశారట. ఆయన అరచెయ్యి మెట్ల మీద పెడితే, అవి దాని కిందే మెల్లగా ఆడాయి. మేనేజరమ్మ ఉద్యోగం ఖాయం చేసింది.

ఇక పెద్దాయన రోజూ గడ్డం గీసుకుని వచ్చి అక్కడే కూర్చునేవాడు. మొహం కళకళలాడుతోంది, మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. గురువారానికి ఎడమ చెయ్యి మూడు వేళ్లతోనే వాయించింది. శనివారానికి రెండు. ఇద్దరూ కలిసి వెళ్లిపోతున్నారని మాష్టారికి అర్థమైంది.

కూతురికీ అర్థమైంది. కొన్నాళ్లు పియానో అక్కడికి తీసుకెళ్లకు, చెయ్యి నిలబడుతుందేమో అంది. ఆదివారం పొద్దున సంచి పక్కన మాష్టారు చాలాసేపు కూర్చున్నాడు. చెయ్యి పోతే జీతమూ పోతుంది, ఆ ఆశ్రమంలో తనకీ ఒక మంచం వేస్తారు. అదంటే ఆయనకి చచ్చేంత భయం. అయినా లేచి సంచి లాక్కుంటూ వెళ్లాడు.

ఆ రోజే పెద్దాయన మెట్ల మీద చెయ్యి ఉండగానే పోయాడు. ఎడమవైపు మెట్లు ఆగిపోయాయి, మళ్లీ కదల్లేదు.

మేనేజరమ్మ మంచిదే, వారం ఓపికపట్టింది. ఒంటిచేతి పాటకి ముసలివాళ్లు కునుకుతుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? జీతం ఇవ్వలేనంది. ఒక మంచం ఖాళీ అయిందని కూడా చెప్పింది.

ఫారం మీద సంతకం పెడుతూ కూతురు ఉండబట్టలేక అడిగింది.

"తెలిసి తెలిసి ఎందుకు తీసుకెళ్లావు నాన్నా?"

"ఆ చెయ్యి ఆయనదమ్మా. ఎదురుగా కూర్చుంటే దాచుకోమంటావా?"

పరుపు మీద పెద్దాయన పడుకున్న పల్లం ఇంకా అలాగే ఉంది. మాష్టారు అందులో పడుకుని చూశాడు. సరిపోయింది. బస్సుకి టైమైందని లేచిన కూతురు మళ్లీ కూర్చుంది.