ఉప్పుగాలి కిటికీ

ఆదివారం పొద్దున్న టాటానగర్ అగ్రికో కాలనీలో మగాళ్ళంతా మటన్ కొట్టు దగ్గర లైను కడితే, పోలరాజు మాత్రం వంటింట్లో పీట వేసుకుని కిటికీ ఊచలు గీకుతూ కూర్చునేవాడు. ముందు ఎమెరీ పేపరుతో తుప్పు వదలగొట్టి, పాతగుడ్డతో తుడిచి, ఆపైన మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూసేవాడు. ఉక్కు కార్ఖానాలో ముప్ఫైమూడేళ్ళు క్రేను నడిపిన మనిషికి తుప్పంటే సొంత పగ.

"ఉప్పుగాలి తవిటీ. నెల్లాళ్ళు ఒగ్గీసినావంటే ఊచలు తినీత్తాది," అనేవాడు పెళ్ళాంతో.

గాలికి ఉప్పుంటుంది మరి, ఆ కిటికీ అవతల సముద్రం ఉంది.

డిసెంబరులో పోలరాజు టాటానగర్‌లో బండెక్కి, పలాసలో దిగి, రెండు బస్సులు మారి, గుల్లపాలెంలో ఒక పెంకుటిల్లు చూసి బయానా ఇచ్చి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే చూస్తే, క్వార్టరు వంటింట్లో పప్పుడబ్బాల పైన, గోడలో కిటికీ ఉంది. గుల్లపాలెం ఇంటి వంటింటి కిటికీయే. నాలుగు నిలువు ఊచలు, కొంచెం వంగిన రెక్క. అవతల పెరడు, గిలకబావి, రెండు కొబ్బరిచెట్లు, సరుగుడు తోపు, తోపు వెనక నీళ్ళు. చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్తుంది. ఊచల మధ్య మనిషి పట్టడు.

కంపెనీ క్వార్టర్లలో బతికినవాళ్ళు సొంతంగా గోడకి మేకైనా కొట్టి ఎరగరు. పంపు కారినా, బల్బు పోయినా వెళ్ళి కంప్లైంటు రాయించడమే. పోలరాజు అలవాటు కొద్దీ వెళ్ళి, వంటింట్లో ఒక కిటికీ ఎక్కువ వచ్చిందని రాయించాడు. మెయింటెనెన్సు నుంచి పింటూ వచ్చాడు. చెయ్యి బయట పెట్టి చూశాడు, గాలి పీల్చాడు, పుస్తకంలో "హవా ఠీక్ హై" అని రాసుకుని, సంతకం పెట్టించుకుని పోయాడు. పక్క క్వార్టరు ఆడవాళ్ళు వడియాలు ఆరబెట్టుకోడానికి పళ్ళేలు పట్టుకొచ్చేవారు. బ్యాంకులో పనిచేసే కూతురు రోహిణి తలంటుకున్న రోజున కిటికీకి వీపు పెట్టి కూర్చుని, "మమ్మీ, క్యా హవా హై!" అనేది.

తవిటమ్మకి మాత్రం ఆ గాలికి ఊపిరాడేది కాదు.

ఆవిడ పుట్టింది ఆ ఊళ్ళోనే, సోనారిలో. తండ్రి కాంట్రాక్టు కూలీగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. చిన్న విమానం ఇంటి మీంచి పోతే గిన్నెలు గలగలలాడే వాడ అది. పెళ్ళయ్యాక అగ్రికోకి వచ్చి, ఇరవైరెండేళ్ళుగా బజారులో ఒక బట్టల కొట్టు అరుగు మీద మిషను వేసుకుని చీరలకి ఫాల్, పీకో కుడుతోంది. బెంగాలీ ఆవిడతో బెంగాలీలో బేరమాడుతుంది, ఒడియా ఆవిడని ఒడియాలో కసురుతుంది, బిహారీ అత్తాకోడళ్ళకి హిందీలో తగువు తీరుస్తుంది. ఆమె అరుగెక్కకపోతే ఇవాళ ఏమైందని బజారు బజారంతా అడుగుతుంది. గుల్లపాలెంలో ఆమెని ఎవరు అడుగుతారు? పోలరాజు పెళ్ళాం అంటారు, అంతే.

ఈ మాట మొగుడితో అనలేదు. ఎలా అంటుంది? ముప్ఫైమూడేళ్ళు ఆ మనిషి కొలిమి సెగ మీద క్రేనులో వేలాడుతూ, దిగి వచ్చిన ప్రతిరోజూ చొక్కా విప్పి సముద్రం పేరే ఎత్తాడు. ఏప్రిల్ నెలాఖరుకి రిటైర్మెంటు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇక్కడ ఉండనివ్వరు, అక్కడికి పోవాలని లేదు. చపాతీపిండి పిసుకుతూ తలెత్తితే ఎదురుగా నీళ్ళు. తల దించితే నాలుగు ఊచల నీడ పిండి మీద.

గుల్లపాలెం ఇంటి పెరట్లో ఒక మనిషి ఉండేది. యాభై దాటిన మనిషి, పేరు గౌరీదేవి. ఇల్లు చూసుకోడానికి పెట్టిన మనిషని ఇల్లమ్ముతున్న సీతారామరావు పోలరాజుకి చెప్పాడు. పోలరాజు డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ బావి దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి వచ్చేది.

"వదినా, ఏటి వండేవు ఇయ్యాల?"

"లిట్టీ సేసినాను. ఉండు, రెండిత్తాను."

ఊచల సందులోంచి శనగపిండి కూరి కాల్చిన లిట్టీలు అటు వెళ్ళేవి, మునక్కాడలు ఇటు వచ్చేవి. గౌరీదేవి పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి చేరిందట. మంచాన పడిన తల్లికి తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిందట. పనికి పెట్టిన మనిషికి అక్కడ తల్లేమిటి, పుట్టిల్లేమిటి అన్న అనుమానం తవిటమ్మకి రాకపోలేదు. వచ్చినప్పుడల్లా పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు అటు తిరిగిపోయేది.

మార్చిలో ఒక పొద్దున్న గౌరీదేవి చీపురు పట్టుకుని ఉత్సాహంగా వచ్చింది.

"మీ గది తుడిచీసినాను వదినా. పడమటేపు వాటా. సాయంకాలం మంచి గాలి వత్తాది."

"మా గదేటి?"

"మీరు అద్దెకి వత్తన్నారని మా సీతారామరావన్న చెప్పేడు కదా. నాన్న పోతా పోతా ఈ ఇల్లు ఇద్దరి పేరునా రాసేడు గానీ, ఒక్కదాన్నీ ఇంతింట్లో ఏటి చేసుకుంతాను? నువ్వొత్తే పలకరించడానికి మనిషుంతాది." అని, బొడ్లోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. "వచ్చే వారం అన్న నన్ను కంటి ఆపరేషనుకి విశాపట్నం తీసుకెల్తాడట. ఇవి ఆస్పత్రి కాయితాలట, సంతకాలెట్టమన్నాడు. నాకు అచ్చరాలు ఆనవు. ఒకసారి సూసి పెట్టు."

తవిటమ్మకి తెలుగు చదవడం రాదు, బళ్ళో చదివింది హిందీ. కాని చదవక్కర్లేకపోయింది. సరిగ్గా అలాంటి స్టాంపు కాగితాలే, బయానా రాసుకున్నవి, పోలరాజు ట్రంకుపెట్టెలో, పట్టుచీర కింద భద్రంగా ఉన్నాయి. కంటి ఆపరేషనుకి ఇంటి స్టాంపు కాగితాలు ఏ ఆస్పత్రిలోనూ అడగరు.

"మిషను కాడికి టైమైపోతంది వదినా," అని కాగితాలు తిరిగిచ్చేసింది.

ఆ రోజు అరుగు మీద మూడు చీరలకి ఫాల్ తిరగేసి కుట్టింది. చెప్పేస్తే ఇల్లు పోతుంది, పోలరాజు ముప్ఫైమూడేళ్ళ ఆశ పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి కళ్ళాపరేషనుకని వెళ్ళి మరి వెనక్కి రాదు. ఆమె పొయ్యి మీద తను వండుకోవాలి. అన్నిటికన్నా సిగ్గనిపించింది ఒకటుంది. చెప్పేస్తే తను ఈ ఊళ్ళోనే ఉండిపోవచ్చు. ఆ ఆలోచన రాగానే గుండె ఎంత తేలికపడిందో తనకే తెలిసి, తన మీద తనకే రోత పుట్టింది.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదోనాడు గౌరీదేవి సంచి సర్దుకుని, ప్రయాణపు చీర కట్టుకుని చెప్పి వెళ్దామని వచ్చింది. తవిటమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆమె మణికట్టు పట్టుకుంది.

"సంతకం ఎట్టకు. మేం అద్దెకి రావట్లేదు వదినా. ఆ ఇల్లు మేం కొనుక్కుంతన్నాం."

గౌరీదేవి సంచి కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"ఇది నా కోసం చెప్పినావా, నీ కోసం చెప్పినావా?"

"రెండూని," అంది తవిటమ్మ.

గౌరీదేవి చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట బయల్దేరలేదు. ఆ పూటే కాదు, సీతారామరావు వచ్చి అరిచినా, బతిమాలినా కదల్లేదు. కాగితాలు బావిలో పడేసిందని తర్వాత తెలిసింది. పదిహేను రోజులకి బయానా తిరిగొచ్చింది, ఇల్లు అమ్మడం లేదన్న కబురూ వచ్చింది.

పోలరాజు ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాడు. తవిటమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నానే సెప్పినాను మావా," అంది. "నాకు పోవాలని నేదు. అదీ నిజమే."

తిడతాడనుకుంది. తిడితే బాగుణ్ణు అనుకుంది. అతను అరచేతిలో ఎప్పటివో కాలిన మచ్చలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నాను సూడ్డానికి ఎల్లిననాడు ఆవిడ కొబ్బరికాయలు దింపేవోణ్ణి తిడతంది. పనికెట్టిన మనిషి అలా తిట్టదు. నాకూ అనిపించింది తవిటీ. అడగనేదు."

ఏప్రిల్ అయిపోయింది. దండ వేశారు, గడియారం ఇచ్చారు, క్వార్టరు తాళం తీసుకున్నారు. సోనారిలో సత్యప్రసాద్‌గారి ఇంట్లో రెండు గదులు అద్దెకి దొరికాయి. టెంపోలోంచి సామాను దింపేసరికి, కిటికీ ముందే వచ్చి వంటింటి గోడలో ఉంది. సత్యప్రసాద్ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఖాళీ చేసేటప్పుడు గోడ మళ్ళీ మామూలుగా చేసిపోవాలి సుమండీ," అన్నాడు.

తవిటమ్మ రోజూ షేర్ ఆటోలో అగ్రికో బజారుకి వెళ్ళి వస్తోంది. గౌరీదేవి నెలరోజులు కిటికీ వైపే రాలేదు. ఒకరోజు కిటికీ గట్టు మీద మునక్కాడలు కనిపించాయి. మర్నాడు తవిటమ్మ లిట్టీలు పెట్టింది. మాటలు మాత్రం ఇంకా కలవలేదు.

పోలరాజుకి మాత్రం పగలంతా ఆ కిటికీయే. ఆషాఢంలో ఒక ఆదివారం తవిటమ్మ గుమ్మం దగ్గర ఆగి అతన్ని వెనక నుంచి చూసింది. ఒక చేత్తో ఊచ పట్టుకుని, రెండో చెయ్యి మోచేతి దాకా బయట పెట్టి నిలబడ్డాడు. ఠాణాలో లాకప్పు గదిలో మనిషిలా ఉన్నాడు. ఆ ఊచలు తానే బిగించినట్టనిపించింది ఆమెకి.

అతను చెయ్యి లోపలికి తీసి చూపించాడు. సోనారిలో ఎండ కాస్తోంది. చెయ్యంతా తడి.

"అక్కడ వాన పడతంది," అన్నాడు, చిన్నపిల్లాడి మొహం పెట్టి. తర్వాత బొటనవేలితో ఊచ రాశాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది. "తుప్పట్టీసింది. ఆ రెడ్ ఆక్సైడ్ డబ్బా అట్టుకురా."

డబ్బా మంచం కింద ఉంది. ముప్పాతిక నిండా ఉంది. తవిటమ్మ వంగి చూసి, కాలితో దాన్ని ఇంకా లోపలికి, గోడ దాకా తోసేసి వచ్చింది.

"అయిపోయింది."

"అయితే కొత్తది తెత్తాను."

"తేవొద్దు మావా."

పోలరాజు ఆమె వైపు చూశాడు. ఊచల వైపు చూశాడు. ఇనుము సంగతి తెలిసినవాడు, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఊచలు ఊడిపోడానికి పదేళ్ళు పడతాది తవిటీ."

"పట్టనీ," అంది ఆమె.

పై ఆదివారం పోలరాజు సంచి పుచ్చుకుని వెళ్ళి, మటన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడ్డాడు.