చెత్తబుట్టలో రెండు కార్డులు

శశికళ చేతిలో పడ్డ కాగితానికి ఇక తిరుగుండదని ఆమె భర్త కృష్ణమూర్తి ఎగతాళి చేసేవాడు. మిషిగన్‌లో ఓ చిన్న ఊరి లైబ్రరీలో ఆమెకు ఉద్యోగం. ఆ ఊళ్లో సగం మంది తాతముత్తాతలు హాలండ్ నుంచి వచ్చినవాళ్లే. హాలండ్ చర్చిల పాత బాప్టిజం పుస్తకాలను మైక్రోఫిల్ములో చూసి, బిడ్డకో కార్డు చొప్పున రాయాలి. ఆ దేశపు భాష రాదు. పేర్లూ అంకెలూ చదవడానికి భాషెందుకని ఆమె ధీమా.

1982 ఆగస్టులో మిసెస్ డైక్‌స్ట్రా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. అందరిలా వంశం గొప్పలు చెప్పుకోలేదు. పోయినవాళ్ల పేరూ తేదీలూ అచ్చేసి బంధువులకు పంచే చావు కార్డు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మనవరాలు ఎలెన్ తొలిచూలు బిడ్డ ఆడ్రియానా, పుట్టిన మూడోవారంలోనే పోయింది. ఎలెన్‌కు మళ్లీ నెలలు నిండుతున్నాయి.

"డాక్టర్ ఒకటే అడిగాడు. పూర్వం మా ఇంట్లో పసిపిల్లలు వరసగా పోయారా అని. పోయుంటే అది తల్లిపాలు పడని జబ్బు కావచ్చట. పుట్టిన రోజే రక్తం పరీక్ష చేసి పాలు మారిస్తే బతుకుతుందట. లేకపోతే పరీక్ష అక్కర్లేదన్నాడు."

ఆవిడ పూర్వీకుల చర్చిలో ఖననాల పుస్తకం ఎప్పుడో వరదలో పోయింది. మిగిలింది బాప్టిజం పుస్తకమే. శశికళ కళ్లు నొప్పి పుట్టేలా చూసింది. ఒకచోట అదే తల్లి, అదే తండ్రి, ఆడ్రియానా అనే అదే పేరు మూడుసార్లు కనిపించాయి. తేదీల మీద సిరా అలుక్కుపోయింది. మూడు కార్డులూ రాసి, ఆగి, నవ్వుకుంది.

"గుమాస్తా కునికిపాట్లు పడుతూ ఒకే ఎంట్రీ మూడుసార్లు కాపీ చేశాడండీ," అంది ఆ సాయంత్రం భర్తతో.

"ముగ్గురు పిల్లలేమో?"

"చచ్చిపోయిన పిల్ల పేరు మళ్లీ ఎవరైనా పెడతారా? విడ్డూరం కాకపోతే!"

ఆమెకు తెలిసిన లోకం అది. ఆమె తండ్రికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, మూడోవాణ్ణి నాయనమ్మ పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పిలిచింది. చావుకు గుర్తు దొరక్కుండా పేరు మార్చడమే ఎరిగిన మనిషి, రెండు కార్డులు చెత్తబుట్టలో వేసింది. 'వరసగా పోయిన దాఖలా లేదు' అని ఉత్తరం టైప్ చేసి, సంతకం పెట్టి ముసలావిడకిచ్చింది. డాక్టర్ దాన్నే నమ్మి పరీక్ష చేయించలేదు.

నవంబరు మంచులో మిసెస్ డైక్‌స్ట్రా మళ్లీ వచ్చి చావు కార్డు అందించింది. ఆడ్రియానా, ఎలెన్ కూతురు.

"ఇది ఇదివరకే ఇచ్చారండీ. నా దగ్గరుంది."

"అది అక్కది. ఇది చెల్లెలిది. పదిహేడు రోజులు."

శశికళ కార్డు మీది తేదీ మళ్లీ చూసింది.

"పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం మావాళ్ల ఆచారం. అది మా అమ్మ పేరు, నిలవాలి కదా. ఎలెన్ ఇంకా చిన్నదే. ఈసారి పుట్టేదానికైనా..."

శశికళకు బాప్టిజం పుస్తకంలోని మూడు ఎంట్రీలూ గుర్తొచ్చాయి. మూడుసార్లు ఒకే పేరంటే కనీసం రెండు చావులు. పుస్తకం నిజమే చెప్పింది. తన తెలివే పాడైపోను, రెండు చావుల్ని బుట్టలో వేసి నవ్వుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఎలెన్‌కు పుట్టే మూడో బిడ్డ మాత్రం పాలు తాగి చచ్చిపోతుంది.

"కూర్చోండి," అంది. కూర్చోబెట్టి, ఫిల్ము తిప్పి చూపించి, తాను చేసిందంతా చెప్పింది. క్షమించమని అడగడానికి కూడా ఆమెకు సిగ్గేసింది.

ముసలావిడ తెర మీది మూడు పేర్లనూ వేలితో లెక్కపెట్టింది. చేతిసంచీలోంచి పాత ఉత్తరం తీసి, శశికళ సంతకం పైకి కనబడేలా బల్ల మీద పెట్టింది.

"డాక్టర్‌కి ఇంకోటి రాయి. మూడు పేర్లూ రాయి. ఎలెన్‌కి మాత్రం నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు."

శశికళ మూడు కార్డులూ మళ్లీ రాసింది. ఉత్తరం టైప్ చేసింది. తర్వాత కోటు తొడుక్కుని ఆవిడ వెంట నడిచింది.