ఎమిల్ చెప్పిన సాక్ష్యం

లోథర్ హాసెల్‌కు ఆ ఉదయం గుడ్డు గొంతు దిగలేదు. ఊళ్ళో పిల్లలకు దొరకని కోడిగుడ్లు, తెల్ల రొట్టె విమానాలు నడిపేవాళ్ళకు మాత్రం రోజూ వడ్డించేవారు. అలా ఎందుకు మేపుతున్నారో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. లోథర్ పళ్ళెం పక్కకు జరిపి బార్లీ కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక చేత్తో పట్టుకుంటే ఒలికిపోతోంది.

"ఏంటి సార్, మళ్ళీ గొంతు నొప్పా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ఎమిల్ జోబెల్.

మెడలో వేలాడే పెద్ద పతకం కోసం తహతహలాడేవాడికి గొంతు నొప్పి పట్టుకుందని ఏడిపించడం ఆ దళంలో అలవాటు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. లోథర్ కూడా నవ్వాడు. పతకం సంగతి దేవుడెరుగు, ఆ మెడ మీద తల నిలిస్తే చాలునని అతని ఏడుపు. అది ఎవరితో చెప్పుకుంటాడు?

పిరికివాడిగా పుట్టినవాడు కాదు. మీసాలు రాకముందే ఇంజను లేని గ్లైడరెక్కి కొండ మీంచి గాల్లోకి దూకాడు. తూర్పు యుద్ధరంగంలో యాభైకి పైగా విమానాలు కూల్చాడు. అప్పట్లో అది జాతరలో తుపాకీతో బెలూన్లు పేల్చినట్టే ఉండేది. వాటిలో మనుషులుంటారన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఆ ఆలోచన ఈ చలికాలంలో, తన విమానమే అంటుకున్నప్పుడు వచ్చింది. తల మీది అద్దపు మూత బిగుసుకుపోయింది. గుద్దాడు, తన్నాడు, అమ్మా అని అరిచాడు. చివరికి ఎలా ఊడిందో ఊడింది, పారాచూట్ విప్పుకుని దిగాడు. కాలిన చెవి మానింది గానీ, ఆ తర్వాత మూత పడిన ప్రతిసారీ ఆ అరుపు లోపల్నుంచి మళ్ళీ వినబడుతూనే ఉంది.

కిందటి వారం డాక్టరు అతని చేతులు చూసి, వెళ్ళి దళాల అధిపతి మేజర్ క్రాట్‌తో మాట్లాడాడు. మేజరు లోథర్‌ను పిలిచాడు.

"దక్షిణాన శిక్షణ బడి ఉందోయ్. కుర్రాళ్ళకి నేర్పుకుంటూ కూర్చో. నీ బదులు ఎవడో ఒకణ్ణి చూసుకుని శుక్రవారం సంతకం పెడతా. అందాకా నోరు మూసుకో. తెలిసిందంటే ఇక్కడ అందరికీ చేతులు వణుకుతాయి."

ఆ శుక్రవారమే ఇది. లోథర్ ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా తన విమానం వెనకే నీడలా ఎగురుతూ వెనక దెబ్బ పడకుండా కాపాడుతున్న ఎమిల్‌కు కూడా చెప్పలేదు. సిగ్గేసింది. ఈ ఒక్క రోజు బతికి బట్టకడితే చాలు, సాయంత్రం రైలెక్కేయవచ్చు.

కాఫీ చల్లారకముందే సైరన్ మోగింది.

శత్రువుల బాంబర్లు పడమటి నుంచి ఆకాశం పట్టనన్ని వచ్చాయి. ఎదురెళ్ళే దళంలో ముందున్నవాడు వాటి ముక్కుకు ముక్కుగా సూటిగా దూసుకెళ్ళాలి, గుద్దుకుంటామనిపించే దాకా ఆగి అప్పుడు పేల్చాలి. వెనకవాళ్ళు అతన్ని చూసి పేలుస్తారు. ఆ ముందున్నవాడు లోథర్. రేడియోలో గెలుస్తున్నాం, గెలుస్తున్నాం అని ఊదరగొట్టే పెద్దమనుషులెవరూ అక్కడ లేరు.

చుక్కల్లా ఉన్నవి రెక్కలయ్యాయి. వాటి తుపాకులు మిణుకుమిణుకుమంటూ అతన్నే వెతుకుతున్నాయి. ఇంకా చాలా దూరం ఉండగానే లోథర్ తుపాకుల మీట నొక్కేశాడు. గుళ్ళన్నీ ఖాళీ గాలిలోకి పోయాయి. తర్వాత ఏం చేశాడో అతనికి సరిగ్గా గుర్తులేదు. విమానం గాల్లోనే తలకిందులైంది, కింద మబ్బు కనిపించింది, అందులో దూరి దాక్కున్నాడు. తేరుకునేసరికి తమ విమానాల మైదానం పైన ఒంటరిగా తిరుగుతున్నాడు. ప్యాంటు తడిసి ఉంది.

దిగాక మెకానిక్ బ్రూనో తుపాకీ గొట్టాల మసి చూసి, "బాగానే వాయించారన్నమాట!" అన్నాడు. లోథర్ తడి కనబడకుండా కోటు కిందికి లాక్కుని గబగబా మేజరు గదికి నడిచాడు. చెప్పాల్సింది దారి పొడవునా వల్లెవేసుకున్నాడు. పేల్చాను, తగల్లేదు. అంతే. ఆ తర్వాత రైలు.

అతను నోరు తెరిచేలోపే తలుపు తోసుకుని ఎమిల్ వచ్చాడు. ముఖమంతా చెమట, నూనె.

"సార్ ఒకదాన్ని పడగొట్టారు! నా కళ్ళారా చూశా. ముక్కు దగ్గర అంటుకుంది, రెక్క విరిగింది, కాలవ అవతల బీటుదుంప చేలో పడింది."

ఎంతటివాడైనా కూల్చానని తానే చెప్పుకుంటే అక్కడ చెల్లదు. చూసినవాడు సాక్ష్యం చెప్పాలి. పైగా కూలిన ఒక్కో విమానానికి ఒక్కడే సొంతదారు, పంచుకోవడాల్లేవు. మేజరు ఫోన్ చేశాడు. చేలో శకలాలు ఇంకా మండుతున్నాయని అటునుంచి చెప్పారు. ఎమిల్ లోథర్‌కు మెల్లగా కన్ను గీటి బయటికి వెళ్ళాడు.

మేజరు సొరుగులోంచి బదిలీ కాయితం తీసి పొయ్యిలో పడేశాడు.

"డాక్టరు మాట విని పప్పులో కాలేసేవాణ్ణోయ్! ఇలా కొట్టేవాణ్ణి బడికి పంపుతారా ఎవరైనా? రేపట్నుంచి మూడు దళాలకీ ముందు నువ్వే."

లోథర్ పొయ్యి వైపు ఒక అడుగు వేశాడు. "అది నాది కాదు సార్," అన్నాడు. "ఎమిల్‌ది అయ్యుంటుంది. నేను... నేను పారిపోయాను."

మేజరు లేచి తలుపు మూశాడు.

"ఆ మాట నేను వినలేదు. వింటే నిన్ను కోర్టుకి పంపాలి, వాళ్ళు గోడకి నిలబెట్టి కాలుస్తారు. దొంగసాక్ష్యం చెప్పినందుకు వాణ్ణీ వదలరు. నా దగ్గర ముందు నడిచేవాళ్ళు మిగల్లేదు, హాసెల్. పో, పడుకో."

బయట ఎమిల్ గోడకానుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. లోథర్‌ను చూడగానే విసిరేసి ఎదురొచ్చాడు.

"నమ్మాడా సార్? పక్క దళంలో ఒకణ్ణి వెనక్కి తిరిగాడని కోర్టుకి ఈడ్చారంట. మీరు మబ్బులోకి తిరగడం ఇది మూడోసారి. మిమ్మల్నీ ఎక్కడ ఈడుస్తారో అని నా గుండె దడదడలాడిపోయిందనుకోండి."

వీడికి చెప్పి ఉంటే! ఒక్క మాట, శిక్షణ బడికి పోతున్నానురా అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. లోథర్‌కు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు.

"నువ్వొక్కడివే వెళ్ళావా వాటి మధ్యకి?" అన్నాడు.

"వెళ్ళక? మీరు తిరిగారని నేనూ తిరిగితే వెనకవాళ్ళందరికీ తెలిసిపోదూ? మీ చోట్లో నేనే ముందుకెళ్ళా." ఎమిల్ నవ్వడానికి చూశాడు. అతని కోటు చేయి మోచేతి దగ్గర చిరిగి ఉంది, చిరుగు చుట్టూ బట్ట మాడింది. "రేపు కూడా తిరగాలనిపిస్తే తిరగండి సార్. ఏం పర్లేదు. నేను వాటి మధ్యకి దూరిపోయి మీ పేరు మీద ఇంకోటి కొట్టుకొస్తా."

వీడు ఊరికే అనడం లేదు. రేపు వెళ్తాడు, ఎల్లుండి వెళ్తాడు. ఎప్పుడో ఒకరోజు అలా ఒంటరిగా వెళ్ళి ఇక రాడు. తాను మాత్రం మబ్బులో దాక్కుని ఉంటాడు.

"వద్దు," అన్నాడు లోథర్. "రేపు నేను తిరగను."

అన్నాక ఆ మాటకు అర్థం అతనికి అందింది: రేపు ఆ తుపాకులకు ఎదురుగా చివరిదాకా తానే వెళ్ళాలి. అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. ఎమిల్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వణుకుతున్నారు.