బండి చల్లారేదాకా

కళ్ళజోళ్ళాయన పోయాక, ఊరూరా తిరిగి కళ్ళజోళ్ళు అమ్మే ఆ పని మానేయమని ఆయన భార్యకు చెప్పనివాళ్ళు లేరు. ఆవిడ అందరి మాటా విన్నది, ఎవరి మాటా పట్టించుకోలేదు. వేరే స్కూటరు కొనుక్కుని, అద్దాల పెట్టె కట్టుకుని మళ్ళీ బయలుదేరింది. బీడు అవతలి ఊళ్ళలో చూపు ఆనక తడుముకునే ముసలివాళ్ళకు ఇంకెవరు దిక్కు?

ఆ బీడు పొడవునా పెట్రోలు బంకు లేదు. అదే ఆయన్ని మింగింది. నీళ్ళ సీసాలో పెట్రోలు పోసుకుని సీటు కింద డిక్కీలో పడేసేవాడు. దేనికైనా సరే, ఆలస్యం అమృతం విషం అనేవాడు. ఆ రోజూ అంతే, బండి ఆగీ ఆగగానే సీటు ఎత్తాడు. వేడికి మెత్తబడిన సీసా చేతిలో నొక్కుకుపోయి, పెట్రోలు సెగలు కక్కుతున్న ఇంజిను మీద చింది భగ్గుమంది. ఆస్పత్రిలో మాట పడిపోయే ముందు కూడా "ఇంకా ఎంతసేపు?" అనే అడిగాడు.

అందుకే ఆవిడ మెకానిక్ బాబాయ్ దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుంది.

"పెట్రోలు కోసమే చేసిన ఇనప డబ్బా ఇదమ్మా," అన్నాడాయన. "బండి మీదుండగా నింపకు, నేల మీద పెట్టి నింపించు. గొంతుదాకా వద్దు, ఎండకి ఆవిరి పట్టే చోటుండాలి. డిక్కీలో అసలే వద్దు, దాని కిందే ఇంజిను. సైలెన్సరుకి అవతలి పక్క స్టాండు పెట్టి, పట్టీతో నిలువుగా బిగిస్తాను. పోసేముందు బండి ఆపి, చల్లారేదాకా కూర్చో. అప్పుడే మూత ముట్టుకో."

ఆ కూర్చోవడంలోనే మొదలైంది.

మొదటిసారి ఆవిడ దారి పక్క బండరాయి మీద కూర్చుంది. చల్లారుతున్న ఇంజిను టిక్కుటిక్కుమంటోంది. ఇంతలో పక్కనే ఎవరో మడమతో నేలను తాటిస్తున్న చప్పుడు. ఎక్కడైనా కాసేపు కూర్చోవలసి వస్తే ఆయన అలాగే తాటించేవాడు. తల తిప్పి చూసింది. ఎవరూ లేరు, చప్పుడూ లేదు. ఆ తరువాత ఎప్పుడు ఆగినా వినిపించేది. ఆవిడ మళ్ళీ తల తిప్పలేదు, ఎవరితోనూ అనలేదు.

ఒకసారి ఆడపడుచు తోడొచ్చింది. తొందరలో అన్నకు తగ్గ చెల్లెలు. అన్న పోయినప్పుడు కన్నీటిబొట్టు రాల్చలేదని చుట్టాలు రాతిగుండె అని పేరు పెట్టారు. నడి బీడులో పెట్రోలు అడుగంటింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

"తడిసి ముద్దవుతాం వదినా! చటుక్కున పోసేసి పోదాం," అంటూ ఆ పిల్ల పట్టీ విప్పి డబ్బా దించింది.

"ఆగవే! ఇంజిను కాలుతోంది."

వింటేనా? మూత తిప్పింది. రాలేదు. డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించి, చున్నీ చుట్టి బలమంతా పెట్టింది. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా... నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు."

ఆవిడ డబ్బా తీసి దూరంగా పెట్టి, పిల్లను రాయి మీద కూర్చోబెట్టుకుంది. కాసేపటికి తాటింపు వినబడింది. ఇద్దరికీ.

"అన్నయ్య కదూ?" గొణిగింది ఆడపడుచు.

"అటు చూడకు."

"ఎందుకు?"

"నేను ఒకసారి అటు చూశాను. చూస్తే ఉండడు."

ఆ పిల్ల తల వంచుకుంది. "ఈ తీరికేదో అప్పుడే ఉంటే నీ సొమ్మేం పోయేదిరా అన్నయ్యా!" అంటూ భోరుమంది. మడమ చప్పుడు ఆగిపోయింది.

మబ్బు చినుకు రాల్చకుండానే తేలిపోయింది. ఆవిడ లేచి ఇంజిను దగ్గర చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. మూత రెండు వేళ్ళకే వచ్చేసింది.

"ఎండకి లోపల ఆవిరి బిగిస్తే మూత అలాగే మొరాయిస్తుంది," అన్నాడు తరువాత బాబాయ్.

"కావచ్చు," అంది ఆవిడ. మణికట్టు సంగతి చెప్పలేదు.

కొన్నాళ్ళకు నడి బీడులోనే కొత్త బంకు వెలిసింది. ఊరంతా సంబరపడింది. వదినా ఆడపడుచులు డబ్బా ఇంట్లో వదిలేసి, అక్కడే టాంకు నింపించుకుని వెళ్ళొచ్చారు. తిరుగుదారిలో ఆవిడ అవసరం లేకపోయినా ఆ రాయి దగ్గర బండి ఆపింది. ఇద్దరూ కూర్చున్నారు. ఇంజిను టిక్కుటిక్కుమని, ఆగి, పూర్తిగా చల్లారింది. ఎవరూ రాలేదు.

"డబ్బా లేదుగా వదినా. ఇంక దేనికొస్తాడు?" అంది ఆడపడుచు మెల్లగా. "పోనీలే, ఎక్కడో ఒకచోట స్థిమితంగా కూర్చునుంటాడు."

ఇల్లు చేరాక ఆవిడ రెండు మెతుకులు కతికి లేచిపోయింది.

మళ్ళీ ప్రయాణం నాడు ఇనప డబ్బాను తుడిచి, బంకులో నేల మీద పెట్టి, గొంతుకు దిగువదాకా నింపించింది. ఎందుకని ఆడపడుచు అడగలేదు. డబ్బాను స్టాండులో నిలబెట్టి, పట్టీ గట్టిగా లాగి బిగించింది.