దిండులో దాచిన బోల్టు

బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆమెకి గుండె గుభేలుమంటోంది. ఒళ్లో దుప్పటి చుట్టిన పాత వేట రైఫిలు. అది పేలదని అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా గొట్టం కొసని కిటికీ వైపే తిప్పి పట్టుకుంది.

భర్త పోయి ఐదు నెలలు. లైసెన్సు ఆయన పేరు మీదిది, తుపాకి ఇక ఇంట్లో ఉండకూడదని నోటీసు వచ్చింది. కొడుక్కి ఫోన్ చేస్తే, "అమ్మేయమ్మా, పీడా పోతుంది. దాన్ని చూసి నువ్వు వణకని రోజుందా?" అన్నాడు.

తుపాకుల షాపు ముసలాయన భూతద్దం పెట్టి చూశాడు.

"ఎవరిది చెల్లెమ్మా?"

"మా మామగారిదండీ. తర్వాత మా ఆయనది."

"ఎనభై ఏళ్ల నాటిది. దీన్ని చేసిన కార్ఖానా ఎప్పుడో మూతపడింది. అక్రోటు చెక్క, ఎవరూ పాలిష్ పెట్టి పాడుచెయ్యలేదు. వీటికోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు." వెనక వేలు పెట్టి ఆగాడు. "బోల్టేదీ? తూటాని లోపలికి తోసి పేల్చే కడ్డీ?"

"పోయిందండీ."

"అయ్యో! గొట్టం మీద చూడు, నాలుగు నాలుగు ఒకటి ఏడు. బోల్టు మీదా ఇదే నంబరుంటేనే ధర. వేరేది తగిలిస్తే సగం. అసలే లేకపోతే ఇది ఉత్త కర్ర."

ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది. "ఒకవేళ దొరికితే? ఇరవై రెండేళ్లు దూదిలో ఉండిపోతే?"

"దూది చెమ్మ పీలుస్తుందమ్మా, తుప్పు తినేసుంటుంది. సరే, తీసుకురా చూద్దాం."

కొడుకు నాలుగేళ్ల వయసులో ఆ తుపాకిని గుర్రం చేసుకుని ఆడాడు. ఆ మధ్యాహ్నమే ఆమె బోల్టు ఊడదీసి, తన దిండులో పెట్టి కుట్టేసింది. ఇల్లు సర్దుతుంటే పోయిందని భర్తకి చెప్పింది. ఆయన రెండు రోజులు వెతికాడు, కసురుకున్నాడు, తర్వాత వేట మాటే ఎత్తలేదు. ఆదివారాలు పాత రేడియో విప్పుకుని కూర్చునేవాడు. చూసినప్పుడల్లా చెప్పేద్దామనిపించేది. చెబితే అడవికి వెళ్తాడు, ఎవరి గుండో వచ్చి తగులుతుంది... ఆ భయంతో నోరు మెదిపేది కాదు. గలీబు మార్చేటప్పుడు కూడా ఆ దిండు వైపు చూసేది కాదు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గలీబు లాగేసింది. కత్తెర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

ఆమె కుట్టింది తెల్లదారంతో, చీమల బారులా సన్నగా. ఇక్కడున్నది నల్లదారం. అంగుళానికో కుట్టు, అదీ వంకర. షర్టు గుండీ కూడా సరిగ్గా కుట్టుకోలేని మనిషి కుట్టు. పక్కనే పాత కుట్ల చిల్లులు, వరసలు వరసలుగా. ఎన్నిసార్లు విప్పాడో!

దూదిలో ఆయన చేతిరుమాలు. దాంట్లో బోల్టు, నూనెతో నిగనిగలాడుతూ.

ఆయన దాన్ని తీసి తగిలించుకుని వేటకి వెళ్లిపోయి ఉండొచ్చు. వెళ్లలేదు.

"తెలిసీ ఒక్క మాట అనలేదే!" అంది పైకే. నిలదీసి దెబ్బలాడదామన్నా మనిషి లేడు.

మర్నాడు షాపులో బోల్టు టక్కున కూర్చుంది. నంబరు కలిసింది.

"ఎవరో ఏటేటా నూనె పెట్టారమ్మా," అంటూ ముసలాయన మంచి ధరే చెప్పాడు. ఆమె బేరమాడలేదు.

"ఆ రుమాలూ ఇటివ్వు, చుట్టి పెడతా."

"అది అమ్మటానికి కాదండీ," అని సంచిలో దాచుకుంది.

తిరుగు బస్సు అదే గుంతలో పడింది. అలవాటుగా రెండు చేతులూ ఒళ్లోకి పోయాయి. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.